ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్: విదేశీ భాష క్లాసులో మాట్లాడే వంతు ఎవరిది?

విదేశీ భాష నేర్పే క్లాసుకి ఒక చిన్న లెక్క ఎప్పుడూ అడ్డుపడుతుంది. పీరియడ్ 45 నిమిషాలు, క్లాసులో 30 మంది అనుకుందాం. హాజరు తీసుకోవడం, హోంవర్క్ దిద్దడం, కొత్త వ్యాకరణం వివరించడం, బోర్డు మీద ఉదాహరణలు రాయడం అన్నీ కలిపి అరగంట పోతుంది. మిగిలిన 15 నిమిషాల్లో టీచర్ ఒక్కొక్కరినీ లేపి అడిగితే తలా అర నిమిషం వస్తుంది. అందులోనూ ప్రశ్న టీచర్‌దే కాబట్టి విద్యార్థి నోటి నుంచి వచ్చేది ఒకటో రెండో వాక్యాలు. వారానికి నాలుగు క్లాసులు జరిగినా ఒక్కో విద్యార్థి ఆ భాషలో మాట్లాడేది రెండు నిమిషాలే. ఏడాది గడిచాక కూడా నోరు పెగలడం లేదంటే తప్పు పిల్లలది కాదు, ఈ లెక్కది.

దీన్ని మార్చడానికి ఉన్న దారుల్లో ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ ఒకటి. క్లాసులో టీచర్ చెప్పాల్సిన వివరణను విద్యార్థులు ముందుగానే ఇంటి దగ్గర చూసో, చదివో, వినో వస్తారు. ఇంటికిచ్చే అభ్యాసం క్లాసులోకి వస్తుంది. వివరణకు పోయే సమయం అలా ఖాళీ అయి, అరగంట పాటు విద్యార్థులు ఇద్దరిద్దరుగా మాట్లాడుకుంటే ఒక్కొక్కరి వంతుకు దాదాపు పావుగంట వస్తుంది. అర నిమిషానికీ పావుగంటకీ ఉన్న తేడాయే ఈ పద్ధతికి అసలు ఆధారం. వీడియోలు, యాప్‌లు, ప్లాట్‌ఫామ్‌లు అన్నీ దాని తర్వాతే. ఈ క్రమాన్ని మర్చిపోయిన చోట ఫ్లిప్ పేరుకే మిగులుతుంది.

నిజానికి ఇది భాష క్లాసుల్లో పుట్టిన ఆలోచన కాదు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లోనే లెక్చర్ తగ్గించి, ప్రశ్న వేసి, పక్కవాళ్లతో చర్చించుకుని జవాబు చెప్పమనే పద్ధతి మొదలుపెట్టారు. 2000లో ఒహాయోలోని మయామీ యూనివర్సిటీ ఎకనామిక్స్ అధ్యాపకులు క్లాసుని తలకిందులు చేయడం గురించి వ్యాసం ప్రచురించారు. 2007లో కొలరాడోలోని వుడ్‌లాండ్ పార్క్ హైస్కూల్‌లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే కెమిస్ట్రీ టీచర్లు క్లాసు తప్పిపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టాక ఈ పద్ధతి స్కూళ్ల దాకా పాకింది. అంటే ఫిజిక్స్, ఎకనామిక్స్, కెమిస్ట్రీ. మూడింటిలోనూ లెక్చర్ అనేది పెద్ద ముక్క. దాన్ని ఇంటికి పంపితే లెక్కలు చేయడానికి, ప్రయోగాలకు క్లాసులో చోటు దొరుకుతుంది.

భాష సంగతి వేరు. ఇక్కడ క్లాసులో వినిపించే మాటే పాఠం. టీచర్ తలుపు మూయమని ఫ్రెంచిలో చెప్పడం కూడా ఫ్రెంచి నేర్పడమే. అందుకే కొందరు భాషా ఉపాధ్యాయులు, మేమెప్పుడూ లెక్చర్ ఇవ్వలేదు, తిప్పడానికి మా దగ్గర ఏముంది అని అడుగుతారు. కథ ఇంట్లో చదివి రమ్మని, క్లాసులో చర్చ పెట్టడం సాహిత్యం టీచర్లకు ఎప్పటి నుంచో అలవాటే కదా అని కూడా అంటారు. ఈ మాటలో సగం నిజం ఉంది. 1970ల నుంచి వచ్చిన కమ్యూనికేటివ్ పద్ధతి క్లాసుని మాటల చోటుగా మార్చాలనే చెప్పింది. కానీ ఆచరణలో చాలా క్లాసులు ఇప్పటికీ వ్యాకరణ వివరణ చుట్టూనే తిరుగుతున్నాయి. టీచర్ అడగడం, విద్యార్థి జవాబివ్వడం, టీచర్ బాగుందనో తప్పనో చెప్పడం అనే మూడు మెట్ల వరసను సింక్లెయిర్, కూల్తార్డ్ అనే భాషావేత్తలు 1975లోనే వర్ణించారు. అది ఇంకా పోలేదు. తిప్పాల్సింది ఆ వరసనే.

అయితే ఏది ఇంటికి పంపాలి, ఏది క్లాసులో ఉంచాలి? దీనికి భాషార్జన పరిశోధన కొంత దారి చూపిస్తుంది. రాబర్ట్ డికైజర్ లాంటివారి వాదన ప్రకారం ఒక నియమం తెలియడం, దాన్ని వాడగలగడం, ఆలోచించకుండా వాడగలగడం మూడు వేరు వేరు దశలు. మొదటి దశకు పక్కన మనిషి అక్కర్లేదు. ఒంటరిగా, నెమ్మదిగా, అవసరమైతే మూడుసార్లు వెనక్కి తిప్పుకుంటూ నేర్చుకోవచ్చు. మూడో దశకు మాత్రం ఎదుటి మనిషి, అతని ప్రశ్న, జవాబు వెంటనే చెప్పాల్సిన తొందర కావాలి. కెనడాలో పాఠాలన్నీ ఫ్రెంచిలోనే సాగే ఇమ్మర్షన్ స్కూళ్లను పరిశీలించిన మెరిల్ స్వేన్ 1985లో ఇంకో విషయం చెప్పారు. ఆ పిల్లలు ఏళ్ల తరబడి ఫ్రెంచి విన్నారు, బాగా అర్థం చేసుకుంటున్నారు, అయినా మాట్లాడేటప్పుడు వ్యాకరణం తడబడుతోంది. వినడం ఒక్కటే చాలదు, తమ మాటను అవతలివాళ్లకు అర్థమయ్యేలా మలుచుకునే పని కూడా ఉండాలన్నది ఆమె వాదన. ఆ మలుచుకునే పనికి ఇంట్లో తోడు దొరకదు. క్లాసులో ముప్పై మంది ఉంటారు.

కాబట్టి వ్యాకరణ వివరణ ఇంటికి వెళ్లొచ్చు. పైగా అక్కడే ఎక్కువ లాభం. జర్మన్‌లో ఒక చోటులోకి వెళ్లడానికి ఒక విభక్తి, ఆ చోటులో ఉండటానికి ఇంకో విభక్తి వస్తాయి. 'ఇన్ డెన్ గార్టెన్' అంటే తోటలోకి, 'ఇమ్ గార్టెన్' అంటే తోటలో. ఇంగ్లీషు ద్వారా ఇది చెప్పబోతే పది నిమిషాలు తిరుగుతుంది. తెలుగులో ఈ తేడా ఉండనే ఉంది కాబట్టి తెలుగు వీడియోలో ఒక్క నిమిషంలో తేలిపోతుంది. క్లాసులో మాతృభాష వాడొచ్చా వాడకూడదా అనే పాత తగాదాకి ఫ్లిప్ ఇలా ఒక మధ్యేమార్గం ఇస్తుంది. మాతృభాషలో చెప్పాల్సిందంతా ఇంటి పాఠంలో చెప్పేస్తే, క్లాసు మొత్తం కొత్త భాషలో నడపడానికి టీచర్‌కి మొహమాటం ఉండదు.

పదాలు నేర్చుకోవడం కూడా ఒంటరి పనే. జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లో మరుపు మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన పాఠం ఒకటే. ఒక్కసారి కూర్చుని బట్టీ పట్టడం కంటే, రోజులు ఎడం ఇస్తూ మళ్లీ మళ్లీ గుర్తు తెచ్చుకోవడం మేలు. ఆంకీ లాంటి ఫ్లాష్‌కార్డ్ యాప్‌లు చేసేది అదే. ఎవరు ఏ పదం మర్చిపోయారో దాన్నిబట్టి వాళ్లకు అదే వస్తుంది. క్లాసులో టీచర్ ఎంత కష్టపడినా ముప్పై మందికి ముప్పై రకాలుగా ఇవ్వడం కుదరదు.

ఎవరూ పెద్దగా పట్టించుకోనిది వినికిడి అభ్యాసం. టీచర్ ఆడియో క్లిప్ రెండుసార్లు వేస్తారు. బాగా వచ్చినవాళ్లకు మొదటిసారే అర్థమవుతుంది. రానివాళ్లకు రెండోసారి కూడా కాదు. ఎవరి వేగం వాళ్లకు దొరకని ఈ పని క్లాసులో అందరికీ నష్టమే. ఇంట్లో అయితే ఆపి, వెనక్కి తిప్పి, వేగం తగ్గించి, చివరికి ఆ ఆడియోలోని మాటల రాతప్రతి చూసి సరిపోల్చుకోవచ్చు. ఫ్లిప్ గురించి మాట్లాడేవాళ్లంతా వ్యాకరణం వీడియోల దగ్గరే ఆగిపోతారు గానీ, ముందుగా ఇంటికి పంపాల్సింది బహుశా ఇదే.

ఉచ్చారణ దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. చైనీస్‌లో మాట అర్థాన్నే మార్చేసే గొంతు హెచ్చుతగ్గులు (టోన్లు) కొత్తగా నేర్చుకునేవాళ్లు తమ గొంతు రికార్డు చేసుకుని విన్నా, తప్పు ఎక్కడుందో వాళ్ల చెవికి చాలాసార్లు దొరకదు. తేడాయే వినిపించనివాళ్లు తమను తాము దిద్దుకోలేరు. తొలి వారాల్లో ఇది టీచర్ ముందే జరగాలి. అలాగే ప్రతి నియమాన్నీ ముందే చెప్పేయాలనీ లేదు. కొన్ని నియమాలు ఉదాహరణల గుంపు చూసి విద్యార్థులే పట్టుకుంటే ఎక్కువకాలం గుర్తుంటాయి. అలాంటివాటిని వీడియోలో విప్పి పెట్టేస్తే మజా పోతుంది.

ఇక వీడియోల సంగతి. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో లక్షల వీక్షణలను పరిశీలించి ఫిలిప్ గ్వో, మరో ఇద్దరు 2014లో తేల్చిన దాని ప్రకారం, వీడియో ఎంత పొడవున్నా కనీసం సగం వీక్షణలు ఆరు నిమిషాలు దాటవు. అయినా నలభై నిమిషాల క్లాసుని అలాగే రికార్డు చేసి లింకు పంపి, ఫ్లిప్ చేశామనుకునేవాళ్లు ఉన్నారు. అది బోరు కొట్టే లెక్చర్‌ని ఇంట్లోకి తోయడం, అంతే. ఒక వీడియోకి ఒక విషయం, ఐదారు నిమిషాలు, మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు, చివర ఒక పేజీ నోట్సు. అంతకు మించి అక్కర్లేదు. అసలు వీడియో తప్పనిసరి కూడా కాదు. రెండు పేజీల వివరణ, దానితో పాటు ఒక ఆడియో ఉన్నా చాలు. ఈ మాటకి పరిశోధన ఆధారం ఉంది, అది కాసేపట్లో.

ఇంటి పాఠానికీ క్లాసుకీ మధ్య ఒక చిన్న వంతెన లేకపోతే రెండూ విడిపోతాయి. ఆ వంతెన ఐదారు ప్రశ్నల క్విజ్. అది మార్కుల కోసం కాదు. ముందు రోజు రాత్రి వచ్చిన జవాబులు చూసి, ఎక్కువమంది ఎక్కడ తడబడ్డారో తెలుసుకుని, ఉదయం క్లాసు దానికి తగ్గట్టు మార్చుకోవడానికి. ఫిజిక్స్ క్లాసుల్లో గ్రెగర్ నోవాక్, ఆయన సహచరులు 1990ల్లోనే ఇలా చేశారు. క్విజ్ వల్ల ఇంకో లాభమూ ఉంది. చదివింది మళ్లీ చదవడం కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేస్తే ఎక్కువ కాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు 2006లో చూపించారు. ఆరో ప్రశ్నగా, నీకు ఏది అర్థం కాలేదు అని అడిగితే మిగతా ఐదింటికంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

క్లాసు ఎలా ఉంటుందో చూడటానికి ఒక పాఠం తీసుకుందాం. స్పానిష్‌లో జరిగిపోయిన విషయం చెప్పడానికి రెండు కాలాలున్నాయి. పూర్తయిన సంఘటనకు ఒకటి, వెనక నడుస్తూ ఉన్న పరిస్థితికీ అలవాటుకీ ఇంకొకటి. అప్పుడు వర్షం పడుతూ ఉంది అనేది రెండోది, ఫోన్ మోగింది అనేది మొదటిది. నేర్చుకునేవాళ్లను ఏళ్ల తరబడి సతాయించే విషయం ఇది. ఇంటి దగ్గర ఆరు నిమిషాల వివరణ, రెండు కాలాలూ కలిసిన ఒక చిన్న కథ, ఐదు ప్రశ్నలు. క్లాసులో మొదటి ఐదు నిమిషాలు క్విజ్‌లో ఎక్కువమంది చేసిన తప్పు ఒక్కటే తీసుకుని దిద్దడం. ఆ తర్వాత భాషా టీచర్లకు బాగా తెలిసిన అలిబీ ఆట. రాత్రి ఏడు నుంచి పది మధ్య దొంగతనం జరిగింది, ఇద్దరి మీద అనుమానం. వాళ్లిద్దరూ ఆ సమయంలో కలిసే ఉన్నామని కథ అల్లుకుంటారు. మిగతావాళ్లు పోలీసులుగా ఇద్దరినీ విడివిడిగా ప్రశ్నిస్తారు. ఎక్కడ కూర్చున్నారు, అక్కడికి ఎవరెవరు వచ్చారు, వెయిటర్ ఏం వేసుకుని ఉన్నాడు, బిల్లు ఎవరు కట్టారు, బయటికి వచ్చేసరికి వర్షం పడుతోందా లేదా. జవాబులు కలవకపోతే దొరికిపోయినట్టే. కాలం తప్పు వాడితే అర్థం మారిపోయి, పోలీసులు వెంటనే పట్టుకుంటారు. వ్యాకరణానికి పని దొరికింది, దాన్ని తప్పించుకునే వీలు లేదు. ఈ ఆట కొత్తది కాదు. కానీ దీనికి పాతిక నిమిషాలు పడుతుంది. వివరణతో మొదలయ్యే క్లాసులో ఆ పాతిక నిమిషాలు ఎప్పుడూ ఉండవు.

ఈ సమయంలో టీచర్ ఖాళీగా కూర్చోరు. గుంపుల మధ్య తిరుగుతూ వింటారు, తప్పులు రాసుకుంటారు. తప్పు వినగానే సరైన రూపం తామే చెప్పేయడం అందరికీ అలవాటు. లిస్టర్, రాంటా 1997లో ఫ్రెంచి ఇమ్మర్షన్ క్లాసులను పరిశీలించినప్పుడు టీచర్లు అన్నిటికంటే ఎక్కువగా చేసిన దిద్దుబాటు అదే. విద్యార్థులు అన్నిటికంటే తక్కువగా అందుకున్నదీ అదే. వాక్యాన్ని సగంలో ఆపి, మళ్లీ చెప్పు అని వాళ్ల నోటితోనే రప్పించినప్పుడు స్పందన చాలా ఎక్కువగా ఉంది. అలా రప్పించడానికి ఓపిక కావాలి, ఓపికకు సమయం కావాలి. ఫ్లిప్ ఇచ్చేది ఆ సమయమే. క్లాసు చివర్లో ధారాళత కోసం ఇంకో పని ఉంది. అదే కథను ఒకరికి నాలుగు నిమిషాల్లో, ఇంకొకరికి మూడు నిమిషాల్లో, మూడోవారికి రెండు నిమిషాల్లో చెప్పాలి. మూడోసారికి మాటల మధ్య ఖాళీలు తగ్గడం చెప్పేవాళ్లకే తెలుస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు తలనొప్పి ముందుగా చదువుకోకుండా వచ్చేవాళ్లతో. ముప్పై మందిలో పది మంది వీడియో చూడలేదనుకోండి, టీచర్ జాలిపడి అదే విషయం మళ్లీ బోర్డు మీద చెబుతారు. ఆ క్షణంలో పద్ధతి కూలిపోతుంది. చూసి వచ్చిన ఇరవై మంది తమ సాయంత్రం వృథా అయిందనుకుంటారు, పై వారం వాళ్లూ చూడరు. ఇక్కడ కాస్త కఠినంగా ఉండక తప్పదు. చూడనివాళ్లు క్లాసులోనే ఓ మూల కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ ఆరు నిమిషాలు చూసి, తర్వాత ఆటలో చేరతారు. ఆట బాగుంటే ఆ ఆరు నిమిషాలు పోయినందుకు వాళ్లకే చిరాకు వేస్తుంది. మందలింపు కంటే ఇది బాగా పనిచేస్తుంది.

అయితే అందరిదీ బద్ధకమే అనుకోవడం అన్యాయం. ఇంట్లో నెట్ లేకపోవచ్చు, ఒక్క ఫోన్‌నే నలుగురు వాడుతుండొచ్చు, సాయంత్రం పనికి వెళ్లాల్సి ఉండొచ్చు. మిగతా సబ్జెక్టుల టీచర్లు కూడా ఇదే మొదలుపెడితే రోజుకి ఐదు వీడియోలు అవుతాయి. ఇలాంటి చోట క్లాసులోనే తిప్పడం మేలు. ఒక గుంపు ఒక మూల వివరణ చూస్తుంది, ఇంకో గుంపు రాస్తుంది, మూడో గుంపు టీచర్‌తో మాట్లాడుతుంది. పావుగంటకోసారి చోట్లు మారతాయి. ముప్పై మందికి బదులు పది మందితో మాట్లాడే అవకాశం టీచర్‌కి దొరుకుతుంది. ఇల్లు అన్న మాటే ఇందులో లేదు, అయినా ఫ్లిప్ ప్రయోజనంలో మంచి భాగం చేతికొస్తుంది.

ఇంతా చేస్తే ఫలితం ఉంటుందా? అన్ని సబ్జెక్టులనూ కలిపి 114 అధ్యయనాలను వాన్ ఆల్టెన్ బృందం 2019లో క్రోడీకరించింది. నేర్చుకోవడంలో లాభం ఉంది కానీ చిన్నదే. క్లాసు సమయం తగ్గించకుండా ఉన్నచోట, క్విజ్‌లు పెట్టినచోట లాభం ఎక్కువ. వీడియోలు ఉన్నాయి కదా అని క్లాసు గంటలు కోసేద్దామనుకునే యాజమాన్యాలు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి. భాషా బోధనకే పరిమితమైన క్రోడీకరణ విట్టా, అల్‌హూరీ 2020లో చేశారు. అందులో ప్రభావం, అంటే ఫ్లిప్ క్లాసుకీ మామూలు క్లాసుకీ ఫలితాల్లో తేడా ఎంతో చెప్పే కొలత, 0.99 అని వచ్చింది. విద్యా పరిశోధనలో ఇది చాలా పెద్ద అంకె. కానీ మంచి ఫలితం వచ్చిన అధ్యయనాలే ఎక్కువగా అచ్చవుతాయి. ఆ పక్షపాతాన్ని సవరించాక 0.58కి దిగింది. అది కూడా తక్కువేమీ కాదు. అయితే ఒక అధ్యయనానికీ ఇంకోదానికీ తేడా విపరీతం. కాబట్టి ఫ్లిప్ పనిచేస్తుందా అనే ప్రశ్న కంటే ఎలాంటి ఫ్లిప్ అని అడగడం నయం. అదే క్రోడీకరణలో వీడియో వాడారా లేదా అన్నదాని వల్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైన ఇచ్చిన మాట దీని గురించే. భాష కొంత వచ్చినవాళ్లకు లాభం ఎక్కువ అని కూడా తేలింది. అక్షరాలే రాని దశలో ఒంటరిగా పాఠం చూడటం కష్టం, క్లాసులో మాట్లాడటానికి చేతిలో సరుకూ ఉండదు. మొదటి నెలల్లో తొందరపడకపోవడమే మంచిది.

విద్యార్థుల అసంతృప్తికీ సిద్ధంగా ఉండాలి. టీచర్ పాఠం చెప్పడం మానేశారు, మేమే అంతా చేసుకుంటున్నాం అనే ఫిర్యాదు తప్పకుండా వస్తుంది. హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో డెలోరియే బృందం 2019లో చేసిన ప్రయోగంలో, చర్చలతో సాగిన క్లాసులో విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. చక్కటి లెక్చర్ వింటే అంతా అర్థమైనట్టు ఉంటుంది. తడబడుతూ మాట్లాడితే ఏమీ రానట్టు ఉంటుంది. తప్పులు బయటపడటమే ఇక్కడ పని అనే సంగతి టీచర్ మొదటి వారంలోనే విడమరిచి చెప్పాలి. అది చెప్పకుండా మొదలుపెడితే తల్లిదండ్రుల నుంచి కూడా టెన్షన్ తప్పదు.

ఈమధ్య మాట్లాడే చాట్‌బాట్‌లు రావడంతో ఒక గీత కొంచెం జరిగింది. ఇదివరకు ఇంట్లో మాట్లాడే అభ్యాసం కుదరదనేవాళ్లం. ఇప్పుడు యంత్రంతో కొంతైనా కుదురుతుంది. హోటల్లో గది అడగడం, దారి అడగడం లాంటి రిహార్సల్ సంభాషణలు ఇంటికి పంపొచ్చు. క్లాసుకి మనుషుల మధ్యే జరిగేవి మిగులుతాయి. ఒకరి మాట ఇంకొకరికి అర్థం కాకపోవడం, మళ్లీ వేరేలా చెప్పడం, వాదించడం, ఒప్పించడం, నవ్వించడం. మనం ఎంత తప్పుగా మాట్లాడినా యంత్రం అర్థం చేసుకుని ముందుకు పోతుంది. మనిషి మొహం చిట్లిస్తాడు. నేర్చుకునేవాళ్లకు ఆ చిట్లింపు కూడా కావాలి.

చివరికి ఇదంతా పరీక్ష దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఖాళీలు పూరించడం, అనువాదం చేయడం, క్రియారూపాలు రాయడం మాత్రమే అడిగే పరీక్ష ఉన్నచోట అలిబీ ఆటను కాలక్షేపం అనుకోవడం సహజం. మార్కులు ఎక్కడుంటే పిల్లల మనసు అక్కడే ఉంటుంది, టీచర్‌ది కూడా. యూరప్‌లో 2001లో వచ్చిన ఉమ్మడి భాషా ప్రమాణాలు ఒక భాష వచ్చిందా అనే దాన్ని ఏమేం చేయగలరు అనే వాక్యాలతో కొలుస్తాయి. తెలిసిన విషయం గురించి ముందు సిద్ధం కాకుండా సంభాషణలో దిగగలరా అనేది అందులో ఒకటి. అలాంటి కొలత ఉన్నచోట ఫ్లిప్‌కి ఎవరూ నచ్చజెప్పాల్సిన పని లేదు. అది లేని చోట కనీసం టర్ము చివర పది మార్కుల మౌఖిక పరీక్ష పెట్టుకునే వీలు టీచర్‌కి ఉంటే, మొదలుపెట్టాల్సింది వీడియోలతో కాదు, ఆ పది మార్కులతో.